కంటికి ఆననివాళ్ళు

ఆ నగరంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి, సముద్రం అవతలి ఒడ్డు నుంచి వచ్చిన నర్సులు కనపడేవారు కాదు. జబ్బుపడ్డవాళ్ళకి కనపడేవారు. జబ్బు నయం కాగానే మళ్ళీ కనపడటం మానేసేవారు.

ఇది ఎవరో పెట్టిన నియమం కాదు. ఏ రాతిమీదా చెక్కి లేదు. ఆ ఊరి కళ్ళు అలా అలవాటుపడ్డాయి, అంతే.

దీవెన ఆ సంగతి తెలియకుండానే వచ్చింది. ఆమెతోపాటు ఓడలో ఇంకో పదకొండుమంది వచ్చారు. అందరూ ఉప్పుమళ్ళ పక్క ఊళ్ళలో పుట్టి, నర్సు చదువు చదివినవాళ్ళే. నగరం నుంచి వచ్చిన ఉత్తరంలో ఒక్కటే వాక్యం ఉంది: "మా ఊళ్ళో రోగులున్నారు, చేతులు లేవు, రండి." దీవెన తల్లి మంత్రసాని. ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకుని, "చేతులంటున్నారు గానీ మనుషులనలేదేమే?" అంది. దీవెన నవ్వేసి పెట్టె సర్దుకుంది.

రేవులో దిగిన రోజున పొగమంచు దట్టంగా ఉంది. గుమాస్తా ఆమె కాగితాలు తీసుకుని ముద్ర వేసి, ఆమె తలమీదుగా సముద్రంవైపు చూస్తూ "తర్వాతివాళ్ళు రండి" అన్నాడు. మంచువల్ల అనుకుంది. వీధిలో ఒక పెద్దమనిషి నేరుగా వచ్చి ఆమె భుజానికి గుద్దుకుని, ఆగి, చుట్టూ చూసి, కోటు దులుపుకుని వెళ్ళిపోయాడు. అదీ మంచువల్లే అనుకుంది. రొట్టెల కొట్టు ముందు గంటసేపు నిలబడింది. ఆమె వెనక వచ్చినవాళ్ళందరూ రొట్టెలు తీసుకుని వెళ్ళారు. అప్పటికి మంచు విడిపోయి ఎండ వచ్చేసింది.

ఆసుపత్రి కొండమీద ఉంది. తలుపు తీసిన నర్సు వాళ్ళ ఒడ్డుదే. ఇరవై రెండేళ్ళ కిందట వచ్చిందట. అందరూ పెద్దక్క అంటారు. ఆమె దీవెన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, ముందు కడుపునిండా అన్నం పెట్టి, తర్వాత సంగతి చెప్పింది.

"వీళ్ళకి చూపు లేదా అక్కా?" అంది దీవెన.

"సూదిలో దారం ఎక్కించగలరు. మనమే వాళ్ళ కంటికి ఆనం."

"మరి రమ్మని పిలిచారు కదా?"

"పిలిచింది పని. ఒళ్ళు కాలుతున్నప్పుడు కనపడతాం. అప్పుడు తల్లీ అంటారు, కూతురా అంటారు. ఒళ్ళు చల్లబడ్డాక ఏమీ ఉండదు. ఆ మాటలు మనసుకి పట్టించుకోకు."

"ఎప్పటికీ అంతేనా?"

పెద్దక్క లేచి తలుపు దగ్గరగా వేసింది. "జబ్బులో కాకుండా ఇంకోసారి కూడా కనపడతాం. అది నీకు రాకూడదని దేవుణ్ణి అడుక్కో," అంది. అదెప్పుడని దీవెన అడిగితే చెప్పలేదు. కంచం తీస్తూ కళ్ళు చికిలించి, "ఎటున్నావే పిల్లా? కాస్త వెలుగులోకి రా. ఈమధ్య కొత్తగా వచ్చినవాళ్ళు నాకూ సరిగ్గా ఆనడం లేదు," అంది.

 దీవెన పెద్దక్కకి ఎదురుగానే కూర్చుని ఉంది.

మేడమీది జ్వరాల వార్డు అవతలి ఒడ్డువాళ్ళది. డాక్టర్లు వచ్చి గోడకున్న నల్లబల్లమీద రాసేవారు: నాలుగో మంచానికి మందు, ఏడో మంచానికి పక్కబట్టలు. రాసి వెళ్ళిపోయేవారు. మర్నాడు వచ్చి, అయినవాటిని చెరిపేసి కొత్తవి రాసేవారు. ఎవరు చేశారని ఏనాడూ అడగలేదు. ఊరి నర్సులు కింద, కిటికీల్లో పూలకుండీలున్న వార్డుల్లో ఉండేవారు. సాయంత్రంపూట ఒకసారి పైకి వచ్చి, పక్కలు శుభ్రంగా ఉన్నాయని చూసి, రోగుల కాగితాల అడుగున తమ పేర్లు రాసుకుని దిగిపోయేవారు.

మొదటి చలికాలంలో రొట్టెలవాడొకడు జ్వరంతో వచ్చాడు. దీవెన గంటసేపు నిలబడిన కొట్టు అతనిదే. పద్దెనిమిది రోజులు ఆమె కొంగు వదల్లేదు. "నయం కానీ తల్లీ, రోజూ మొదటి రొట్టె నీకే," అని ఏడ్చేవాడు. పంతొమ్మిదో రోజు పొద్దున ఆమె మోకాళ్ళమీద కూర్చుని అతని బూట్ల తాళ్ళు కడుతోంది. కడుతుండగానే అతని ఒళ్ళు చల్లబడింది. లేచి ఆమె వేళ్ళమీద అడుగేశాడు. ఆగి నేలవైపు చూశాడు. "ఇక్కడ నేల ఎగుడుదిగుడుగా ఉంది, బాగుచేయించాలి," అని వెళ్ళిపోయాడు.

అందరూ అలా ప్రేమగా ఉండేవారని కాదు. కొందరు జ్వరంలో కళ్ళు తెరిచి ఆమెని చూడగానే కేకలు పెట్టేవారు. ఆ రంగు చేతులతో అన్నం వద్దనేవారు. ఒకతను, ఆమె పక్క సవరిస్తుంటే, తన దిండు కింద వస్తువులు లెక్క చూసుకునేవాడు.

అలా మూడేళ్ళు గడిచాయి. ఏడవడం మొదటి ఏడాదితోనే అయిపోయింది. రెండో ఏడాది గొంతెత్తి మాట్లాడటం మానేసింది. మూడో ఏడాది, వీధిలో ఎవరైనా ఎదురొస్తుంటే తానే ముందుగా గోడకి అంటుకుని నిలబడటం నేర్చుకుంది. అద్దంలో చూసుకోవడం తగ్గించింది. ఒకరోజు అద్దంలో కూడా ఎవరూ లేకపోతే ఏం చెయ్యాలన్న భయం.

ఆ ఏడాది వానల్లో గడియారాల పెద్దావిడ వచ్చింది.

ఊరి మధ్య గోపురం మీది పెద్ద గడియారానికి యాభై ఏళ్ళుగా కీ ఇచ్చేది ఆవిడే. నిక్కచ్చి మనిషి. ఎవరిచేతా తప్పని అనిపించుకోలేదని పేరు. ఊపిరితిత్తులకి పాకే జ్వరం పట్టుకుంది. వార్డు చివర రెండు మంచాల గదిలో పడుకోబెట్టారు. తెరకి అవతలి మంచంలో ఓడరేవు అధికారి ఉన్నాడు. ఆయనదీ అదే జ్వరం.

పెద్దావిడ కళ్ళు తెరిచి దీవెనని చూసింది. "ఎవరు నువ్వు?"

"నర్సునండీ. నీళ్ళు తాగుతారా?"

"మావాళ్ళెవరూ లేరా? మావాళ్ళని పిలువు," అని గోడవైపు తిరిగిపోయింది.

దీవెన కిందికి వెళ్ళి, పూలకుండీకి నీళ్ళు పోస్తున్న రాగిజుట్టు నర్సుని మూడుసార్లు పిలిచింది. ఆ పిల్ల చెవిలో చిటికెనవేలు పెట్టి తిప్పుకుని, గాలి కొడుతోందని కిటికీ మూసేసింది. దీవెన తిరిగి పైకి వచ్చింది.

"వాళ్ళు రారండీ. నా మాట వాళ్ళకి వినపడదు."

"అబద్ధం. నువ్వు పిలవలేదు."

పెద్దావిడ తన జేబుగడియారం గుప్పిట్లో పెట్టుకుని పడుకుంది. పెదాలు ఎండి పగిలాయి. దీవెన నీళ్ళగ్లాసుతో అక్కడే కూర్చుంది. చాలాసేపటికి పెద్దావిడ గుప్పిట తెరిచి చూసి, "గంటా పన్నెండు నిమిషాలు. ఒక్కరూ రాలేదు," అంది. తర్వాత, "ఇలా ఇవ్వు," అంది. తప్పయిందని అనలేదు. గ్లాసు ఖాళీ చేసింది.

ఆ తర్వాత ఆవిడ అడగడం మొదలుపెట్టింది. ఎక్కణ్ణుంచి వచ్చావు, ఎందుకు వచ్చావు, ఈ ఊళ్ళో నిన్ను నేనెప్పుడూ చూడలేదేం అంది. దీవెన ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పెద్దావిడ నమ్మలేదు. కానీ పడుకునే గమనించింది. డాక్టరు వచ్చి దీవెనని తగులుకుంటూ నడవడం చూసింది. ఆమె ఉతికి పరిచిన దుప్పటికి, కాగితం అడుగున రాగిజుట్టు నర్సు తన పేరు రాసుకోవడం చూసింది. మూడోరోజు ఆవిడే అడిగింది.

"నీ పేరేమిటన్నావు?"

"దీవెన."

"దీ. వె. న." గడియారం చక్రం పళ్ళు లెక్కపెట్టినట్టు ఒక్కో అక్షరమే పలికింది. "నయమయ్యాక నేను నిన్ను మరిచిపోతానా?"

"అందరూ మరిచిపోతారండీ."

"నేను అందరిలాంటిదాన్ని కాదు," అంది పెద్దావిడ. ఆ మాట కూడా అందరూ అంటారని దీవెన చెప్పలేదు.

ఆరోరోజు సాయంత్రం అది జరిగింది.

గొప్పవాళ్ళకి మందు ఊరి నర్సులే ఇవ్వాలి. అందుకని ఓడరేవు అధికారికి మందు పొయ్యడానికి రాగిజుట్టు నర్సు పైకి వచ్చింది. దీవెన తెరకి ఇవతల పెద్దావిడ కాళ్ళు ఒత్తుతోంది. తెర సగమే వేసి ఉంది. ఆ పిల్ల ఆవులిస్తూ సీసా మూత తీసి, చుక్కల్లెక్కన ఇవ్వాల్సిన మందుని చెంచాలో నింపి ఆయన నోట్లో పోసింది. రెండో చెంచా కూడా పోసింది. దీవెన "అమ్మో, ఆగు!" అని అరిచింది. ఆ అరుపు పెద్దావిడకి వినపడింది. ఆ పిల్లకి వినపడలేదు.

ఓడరేవు అధికారి ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. మళ్ళీ పీల్చుకోలేదు.

రాగిజుట్టు నర్సు సీసావైపు చూసింది. చెంచావైపు చూసింది.  అప్పుడు తల ఎత్తింది. ఆమె కళ్ళు గదంతా వెతుక్కుంటూ వచ్చి దీవెన దగ్గర ఆగాయి. దీవెన మూడేళ్ళుగా రోజూ ఎదురుపడుతున్న ఆ కళ్ళు మొదటిసారి దీవెనని చూశాయి. ఆ పిల్ల ముఖంలో ముందు భయం కనపడింది. ఆ వెంటనే ఒక తేలిక.

"ఈమె," అంది, వేలు చూపించి. "ఈమే పోసింది."

కేక విని డాక్టర్లు వచ్చారు. కాపలావాళ్ళు వచ్చారు. గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళూ నేరుగా దీవెననే చూశారు. ఎవరూ తగులుకోలేదు. ఎవరి చూపూ తలమీదుగా పోలేదు. ముఖం, మెడ, చేతులు, చేతుల రంగు, అన్నీ చూశారు. ఇన్నాళ్ళూ ఎవరైనా ఒక్కసారి చూస్తే బాగుండునని ఆమె కోరుకున్న చూపు ఇదే. దాని కింద ఆమెకి ఒళ్ళు దాచుకోవాలనిపించింది.

పెద్దక్క చెప్పకుండా వదిలేసిన రెండో సందర్భం ఏదో అప్పుడు అర్థమైంది.

విచారణ మూడోరోజు పొద్దున అన్నారు. తప్పు రుజువైతే ఆమెని రేవు పక్క రాతి ఇంట్లో పెడతారు. ఇక ఏ దేశంలోనూ నర్సుగా రోగి మీద చెయ్యి వెయ్యకూడదు. అంతవరకూ వార్డు దాటి పోకూడదు. పని మాత్రం ఆపమనలేదు. ఆ పని చెయ్యడానికి ఇంకెవరూ లేరు. గుమ్మంలో కాపలావాణ్ణి పెట్టి, ఆమె వంక చూస్తూ కూర్చోమన్నారు.

మర్నాడు పెద్దక్క వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. "మార్కెట్లో ఒకావిడ నన్ను చూసిందే," అంది. "ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. చూసి, పక్కనున్న బిడ్డని వెనక్కి లాక్కుంది. మనవాళ్ళు అందరూ కనపడుతున్నారు ఇప్పుడు. ఎక్కడికెళ్ళినా గుర్తుపడుతున్నారు."

తెర వెనకనుంచి పెద్దావిడ దగ్గుతూ, "నేను చూశాను," అంది. "సీసా ఎవరు ఎత్తారో, ఎప్పుడు ఎత్తారో నాకు తెలుసు. విచారణకి వచ్చి చెపుతాను."

పెద్దక్క దీవెనని పక్కకి లాగింది. "ఈవిడకి ఎన్ని మోతాదులయ్యాయి?"

"ఆరు. ఏడోది రేపు పొద్దున. దాంతో జ్వరం దిగిపోతుంది."

"దిగితే నిన్ను చూసిందీ పోతుంది. ఎల్లుండి దాకా ఆపు. ఒక్కరోజేగా! పెద్దావిడ చావదులే."

"చస్తే?"

 "నువ్వు ఒక్కదానివే కాదే, మనందరి సంగతీ చూడు," అని పెద్దక్క వెళ్ళిపోయింది.

పొద్దున దీవెన పెద్దావిడ వీపుమీద చెవి ఆనించి విన్నది. లోపల తడి ఇసుకలో నడుస్తున్నట్టు చప్పుడు. నిన్నటికంటే ఎక్కువైంది.

"రేపు విచారణ దాకా ఆగలేమా?" అంది పెద్దావిడ. అంతా విన్నదన్నమాట.

ఆగొచ్చని చెప్పడం ఎంత సులువో దీవెనకి తెలుసు. "ఆగలేమండీ," అంది.

మందు కలపడానికి వెళ్ళి, గిన్నె పట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. కింద రాతి ఇంటి కప్పు కనపడుతోంది. గిన్నె వంచితే మందు గడ్డిలో పడుతుంది. ఎవరికీ తెలియదు. బల్లమీద రాసినదాన్ని తానే చెరిపెయ్యొచ్చు. చేయి కిటికీ దాకా వెళ్ళింది. గదిలోంచి దగ్గు వినపడింది. తెరలు తెరలుగా వస్తోంది, ఆగడంలేదు. ఆ దగ్గు వింటూ నిలబడటం ఆమెకి చేతకాలేదు. గిన్నె పట్టుకుని వచ్చేసింది.

"తాగండి."

"తాగితే నిన్ను మరిచిపోతాను."

"మరిచిపోండి. ముందు తాగండి."

పెద్దావిడ ఆమెవైపు చాలాసేపు చూసింది. తర్వాత కాగితం, కలం అడిగింది. దిండుకి ఆనుకుని, ఊపిరాడక ఆగి ఆగి రాసింది. చివర రెండు వాక్యాలు చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది. మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకుంది. "నన్ను నేను నమ్మాలి కదా. అందుకు ఏం రాయాలో అది రాశాను," అంది. గిన్నె తీసుకుని ఒక్క గుక్కలో తాగేసింది. దీవెన చెయ్యి పట్టుకుని పడుకుంది.

మధ్యాహ్నానికి చెమటలు పట్టాయి. పట్టుకున్న వేళ్ళు వదులయ్యాయి. పెద్దావిడ లేచి కూర్చుని, దీవెన కూర్చున్న చోటంతా చూసి, "ఎవరూ లేరా ఇక్కడ? నా చెయ్యి ఎందుకిలా చాపుకుని పడుకున్నాను?" అంది.

గుమ్మంలో కాపలావాడు, "అదిగోనమ్మా, మీ పక్కనే ఉంది కదా! మన ఓడరేవాయన్ని చంపింది అదే," అన్నాడు.

పెద్దావిడ మళ్ళీ చూసింది. ఆవిడ చూపు మెల్లమెల్లగా దీవెన మీద నిలిచింది. నిలిచాక గట్టిపడింది. దుప్పటి మీదికి లాక్కుని, మంచం అవతలి అంచుకి జరిగింది. దీవెన లేచి గిన్నె కడగడానికి వెళ్ళింది.

విచారణ రోజున ఆమెని వీధిలోంచి నడిపించుకుంటూ తీసుకెళ్ళారు. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఒకామె ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంది. "వీళ్ళు ఎప్పుడొచ్చారు మన ఊళ్ళోకి?" అని ఒకతను అడిగాడు. "ఇంకెంతమంది ఉన్నారో!" అన్నాడు పక్కనున్నవాడు. రొట్టెలవాడు కొట్టు గుమ్మంలో నిలబడి ఆమెని ఎగాదిగా చూశాడు. ఇంతకుముందు ఎక్కడా చూసిన గుర్తు అతని ముఖంలో లేదు.

పెద్ద హాలు. ముగ్గురు పెద్దలు ఎత్తైన అరుగుమీద కూర్చున్నారు. దీవెనని నడుమ ఒక పీటమీద కూర్చోబెట్టారు. రాగిజుట్టు నర్సు ఏడుస్తూ చెప్పింది. డాక్టర్లు తలలూపారు. ఓడరేవు అధికారి భార్య నల్లబట్టల్లో ముందు వరుసలో ఉంది. "నువ్వేమంటావు?" అని దీవెనని అడిగారు. ఆమె జరిగింది చెప్పింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ వాళ్ళు ఆమె చేతులవైపే చూశారు.

అప్పుడు గడియారాల పెద్దావిడ లోపలికి వచ్చింది. నడక ఇంకా కుదుటపడలేదు. పీటమీదున్న దీవెనని ఆవిడ చూసింది. నిన్నటి చూపే. దీవెన ఆశ వదులుకుంది.

"ఈ కాగితం నా కోటు జేబులో దొరికింది," అంది పెద్దావిడ. "నిన్న రాత్రంతా దీంతోనే కూర్చున్నాను. ఇందులో ఉన్న మాట నాకు గుర్తులేదు. నమ్మబుద్ధి కూడా కాలేదు. చేతిరాత మాత్రం నాది."

చదివింది. "నాలుగూ పదికి రాగిజుట్టు నర్సు చుక్కలమందు రెండు చెంచాలు పోసింది. ఆ సమయంలో దీవెన అనే నర్సు నా కాళ్ళు ఒత్తుతోంది. ఆగమని అరిచింది. ఆ అరుపు నాకొక్కదానికే వినపడింది."

"జ్వరంలో రాసింది చెల్లదమ్మా," అన్నాడు మధ్యలో కూర్చున్న పెద్ద, మర్యాదగానే.

"నేనూ అలాగే అనుకున్నాను. ఇంకో రెండు వాక్యాలున్నాయి." ఆవిడ కాగితం మడిచింది. వెళ్ళిపోతుందేమో అనిపించింది. మళ్ళీ విప్పింది. "గోపురం గడియారం నాలుగు నిమిషాలు ఆలస్యం. నలభై ఏళ్ళ కిందట నేనే ముల్లు తప్పుగా తిప్పాను, దిద్దితే ఒప్పుకోవాల్సి వస్తుందని అలాగే ఉంచాను."



"ఈ సంగతి నేను దేవుడికి కూడా చెప్పుకోలేదు," అంది పెద్దావిడ. "జ్వరంలో ఎవరో నా చేత రాయించింది కాదు. నాకు తెలుసు, ఈ తప్పు ఒప్పుకోవడానికి నేను ఇష్టపడనని. అయినా రాశానంటే, పై మాట నిజమై ఉండాలి."

సరిగ్గా అప్పుడే ఓడరేవులో, రోజూ పన్నెండింటికి పేల్చే మధ్యాహ్నం తుపాకి పేలింది. అందరూ కిటికీలోంచి గోపురంవైపు చూశారు. పన్నెండుకి నాలుగు నిమిషాలు తక్కువ. ఊరంతా నలభై ఏళ్ళుగా తప్పుపట్టింది తుపాకిని. నల్లబట్టలావిడ మెల్లగా, "తుపాకి తప్పు కాదని మా ఆయన పోయేదాకా చెపుతూనే ఉన్నారు," అంది.

మొదట కుడివైపు పెద్దాయన కళ్ళు నలుపుకున్నాడు. అతని చూపు దీవెన మీదనుంచి జారి, వెనకున్న గోడమీద పడింది. తర్వాత ఎడమవైపు పెద్దాయన చూపు. దీవెనకి తెలుస్తూనే ఉంది, చలిలో ఒంటిమీది దుప్పట్లు ఒక్కొక్కటే ఎవరో తీసేస్తున్నట్టు. మధ్యలోని పెద్ద కాసేపు పట్టి పట్టి చూశాడు. ఆమె చెయ్యలేదని అతనికీ నమ్మకం కుదిరింది. చూపు జారిపోయింది.

"ముద్దాయి ఎక్కడ?" అన్నాడు.

గుమాస్తా చుట్టూ చూశాడు. "ఎవరూ లేరండీ."

"మరి విచారణ ఎవరి మీద?"

గుమాస్తా కాగితాలు తిరగేశాడు. "పేరు కనపడటం లేదండీ."

"అయితే కొట్టెయ్యి."

రాగిజుట్టు నర్సు వెక్కివెక్కి ఏడుస్తోంది. మధ్యలోని పెద్దాయన ఆ పిల్లవైపు జాలిగా చూశాడు. "చిన్నపిల్ల. అలిసిపోయి ఉంటుంది. ఎవరికైనా జరుగుతుంది. నాలుగు రోజులు ఇంట్లో పడుకోనివ్వండి," అన్నాడు. నల్లబట్టలావిడ ఏదో అనబోయింది. ఆమెని ఎవరో మెల్లగా నడిపించుకుని వెళ్ళారు.

కుర్చీలు వెనక్కి జరిగాయి. జనం కోట్లు తొడుక్కున్నారు. దీవెన పీటమీదనుంచి లేచి, వాళ్ళ తోపులాటలోంచి తప్పుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆమె మీద ఏ నేరమూ లేదు. రేపటినుంచి వార్డులో ఎప్పటిలాగే పని చేసుకోవచ్చు.

పెద్దావిడ ఒక్కతే పీటవైపు చూస్తూ ఉండిపోయింది.

"ఇప్పటిదాకా దీనిమీద ఒక మనిషి ఉంది. నేను లోపలికి వచ్చినప్పుడు ఉంది," అంది.

"ఎవరూ లేరమ్మా, మీకు నీరసం. పదండి ఇంటికి," అన్నాడు గుమాస్తా.

"నువ్వు వెళ్ళు."

అందరూ వెళ్ళిపోయారు. తలుపు తెరిచే ఉంది. పెద్దావిడ వంగి, పీటమీద అరచెయ్యి పెట్టింది. వెంటనే తీసేసింది. మళ్ళీ పెట్టింది. పీట వెచ్చగా ఉంది.

ఆవిడ కాగితం విప్పి పేరు వెతుక్కుంది. "దీవెనా," అని పిలిచింది.  చెవి ఒగ్గి విన్నది. "ఇక్కడే ఉన్నావు కదూ?"

కిటికీ నుంచి పీట దాకా నాలుగు అడుగులు. దీవెన కాలు అలవాటుగా ముందుకు కదిలింది. రోగి పిలిస్తే ఎప్పుడూ వెళ్ళేది ఆమే. అడుగు వెయ్యకుండా ఆ కాలిని వెనక్కి తీసుకుంది.

పెద్దావిడ రెండు చేతులూ ముందుకు చాపి, గాలిని తడుముకుంటూ బెంచీల మధ్యకి వెళ్ళింది. మోకాలు తగిలి ఒక బెంచీ కిర్రుమంది. ఆగి, పేరు పెట్టి మళ్ళీ పిలిచింది. ఆవిడ వెళుతున్నది తలుపువైపు. దీవెన ఉన్నది కిటికీ దగ్గర. ఒక వరుస అయిపోయింది. పెద్దావిడ వెనక్కి తిరిగి, రెండో వరుస మొదటినుంచి వెతకడం మొదలుపెట్టింది.

దీవెన పలకలేదు, ఎదురు వెళ్ళలేదు. తొందరపడే పనేమీ లేనట్టు, ఆవిడకి ఎంతసేపు పడుతుందో చూద్దామని అక్కడే నిలబడింది.